గింజలుడికే నీళ్లు

కుళాయి వచ్చిన ఏడాది ఆ వీధిలో చిక్కుడు గింజలు ఉడకని ఇల్లు ఒక్కటే మిగిలింది. అది ఎతెల్కా ఇల్లు.

అంతకుముందు సంగతి వేరు. అంతకుముందు ఎవరింట్లోనూ ఉడికేవి కావు. హంగేరీలోని ఆ ఊరు సున్నపురాయి గుట్ట మీద ఉంది. ఏ బావి నీళ్లయినా తాగడానికి బాగానే ఉండేవి గాని, ఎండు చిక్కుడు గింజల్ని ఆ నీళ్లలో వేసి పొద్దున పొయ్యెక్కిస్తే సాయంత్రానికి కూడా గులకరాళ్లలాగే ఉండేవి. తొక్క ఊడేది, లోపల మాత్రం పంటికింద టక్కుమనేది. ఒక్క వెండెల్ ఇంటి బావిది వేరే గుణం. గుట్ట దిగువన, ద్రాక్షతోట మొదట్లో ఉన్న ఆ బావి నీళ్లకు సబ్బు చూపిస్తే చాలు నురగ పొంగేది. గింజలు వేస్తే గంటన్నరలో వెన్న. 'గింజల బావి' అని దానికి పేరే పడిపోయింది. శనివారం వస్తే వీధి ఆడవాళ్లంతా తలో క్యానూ పట్టుకొని గుట్ట దిగేవాళ్లు. వెండెల్ తండ్రి కాలంలో దిగారు, వెండెల్ కాలంలోనూ దిగారు. ఆ ఇంటి గేటుకు గడియ ఎక్కడుందో ఇంటివాళ్లకే తెలియదు.

కిందటేడు చలికాలం ముందు పేచ్ పట్నం వైపు నుంచి గొట్టాలు వచ్చాయి. ఇంటింటికీ కుళాయి పెట్టారు. కొత్త నీళ్లలో గింజలు ఉడుకుతున్నాయన్న కబురు రెండు రోజుల్లో వీధంతా పాకింది. క్యాన్లు అటక ఎక్కాయి. గుట్ట దిగే కాలిబాట మీద గడ్డి మొలవడం మొదలైంది, ఒక్క మనిషి నడిచేంత మేర తప్ప.

ఆ ఒక్క మనిషి ఎతెల్కా. "ఏమోనమ్మా, నాకు మాత్రం ఉడకడం లేదు. మా ఇంటి గొట్టంలోనే ఏదో ఉంది," అనేది. నీలం రంగు క్యాను ఊపుకుంటూ శనివారం పదిగంటలకు దిగేది, పదిన్నరకు ఎక్కేది.

అందులో నిజమెంతో ఆమెకు తెలుసు. కుళాయి పెట్టిన మూడో రోజునే తలుపు గడియ వేసుకొని, గిద్దెడు గింజలు ఆ నీళ్లతో ఉడకబెట్టి చూసింది. ఒకటి తీసి నాలుక మీద పెట్టుకుంటే కరిగిపోయింది. రెండోదీ అంతే. ఎతెల్కా కుర్చీలో కూలబడి చాలాసేపు గిన్నెకేసి చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఎవరూ చూడకుండా గిన్నెడూ తీసుకెళ్లి కోళ్లకు పోసేసింది. సాయంత్రం దుకాణంలో "రాళ్లు, రాళ్లు!" అని చెప్పింది. అబద్ధం చెప్పడం ఆమెకు బొత్తిగా చేతకాదు, కాని ఆమె మాట కాదనేవాళ్లూ ఆ ఊళ్లో లేరు. గింజల గురించి ఎతెల్కాకు తెలియనిదేముంటుంది?

ఊరి బడి వంటింట్లో ముప్పై ఏళ్లు గరిటె తిప్పిన చెయ్యి అది. ఆ బడిలో చదువుకున్న వాళ్లెవరినైనా అడగండి, లెక్కల మేష్టారి పేరు మర్చిపోయి ఉంటారు గాని, ఈస్టర్ సెలవుల తర్వాత మొదటి రోజు ఎతెల్కా చేసిన గింజల చారు మర్చిపోరు. పండగ ముందు శనివారం ప్రతి ఇంట్లోనూ పొగబెట్టిన పంది తొడ ఉడుకుతుంది. ఆది, సోమవారాలు దాన్ని చల్లగా కోసుకొని, గుడ్లతో, ఘాటు ముల్లంగి తురుముతో తింటారు. సోమవారం సాయంత్రానికి ఎముక, దాన్ని అంటిపెట్టుకున్న నాలుగు పోగులు, బొగ్గులా నల్లబడ్డ తోలు, తొడ ఉడికిన ఉప్పటి నీళ్లు మిగులుతాయి. మంగళవారం గింజల చారంటే ఆ మిగిలిన దాని పండగ.

అందరూ చేసేదే అది, కాని ఆమె పద్ధతి ఆమెది. ఎర్రమచ్చల గింజల్ని రాత్రి నానబెట్టి, పొద్దున ఎముకతో కలిపి మామూలు నీళ్లలోనే ఉడికిస్తుంది. తొడ ఉడికిన నీళ్లు అప్పుడే పొయ్యదు. ఉప్పు తగిలితే గింజ బిగుసుకుంటుందంటుంది. గింజ మెత్తబడ్డాకే ఆ నీళ్లు, క్యారట్ ముక్కలు. వేరే మూకుడులో పందికొవ్వు కరిగించి, పిండి ఎర్రగా వేయించి, వెల్లుల్లి చిదిమి, పొయ్యి మీద నుంచి దించాకనే మిరపపొడి వేస్తుంది. పొయ్యి మీదుండగా వేస్తే మాడి చేదెక్కుతుంది. గట్టిగా కలిపిన గుడ్డు పిండిని బొటనవేలూ చూపుడువేలూ మధ్య గిల్లి గిల్లి మరిగే చారులో రాలుస్తుంది. ఆఖరున పుల్లటి మీగడ, ఆ తర్వాత, అన్నీ అయ్యాక, పొయ్యి ఆర్పాక, చెంచాడు వెనిగర్. వెనిగర్ ముందు పడిందా, ఆ గింజ ఇక జన్మలో ఉడకదు.

ఈ చారు ఇష్టంగా తిన్నవాడు ఆమె భర్త అంబ్రుష్. రైల్వే గేటు కాపలాదారు. మాట తక్కువ, మంచితనం ఎక్కువ. పోయి తొమ్మిదేళ్లయింది. అతన్ని తలుచుకుంటే ఎతెల్కాకు ఏ ఫిర్యాదూ లేదు. ఫిర్యాదు లేకపోవడమే ఒక్కోసారి ఆమెను కుదురుగా కూర్చోనివ్వదు.

ఎందుకంటే అంబ్రుష్ కంటే ముందు వెండెల్ ఉన్నాడు.

పంతొమ్మిది వందల యాభై ఒకటిలో ఎతెల్కాకు ఇరవై, వెండెల్‌కు ఇరవైమూడు. వాళ్ల పెళ్లి ఖాయమని ఊరంతా అనుకుంటూనే ఉంది. ఆ ఏడు వెండెల్ వాళ్లకు ద్రాక్షతోటా, సొంత రసం గానుగా ఉన్నందుకు వాళ్ల పేరు కమ్యూనిస్టు సర్కారు శత్రువులుగా చూసే ధనిక రైతుల జాబితాకి ఎక్కింది. జాబితాకెక్కిన ఇళ్ల కుర్రాళ్లను హంగేరీ సైన్యం తీసుకెళ్లింది. తుపాకీ ఇవ్వలేదు, పార ఇచ్చి బొగ్గుగనికి పంపింది. మూడు ఉత్తరాలు వచ్చాయి. నాలుగోది రాలేదు. జాబితా వాళ్లతో సంబంధమంటే ఎతెల్కా తండ్రికి వణుకు. రెండో చలికాలంలో అంబ్రుష్ వచ్చి అడిగాడు. ఆమె సరేనంది. ఎవరూ బలవంతం చెయ్యలేదు. ఆ మాట ఆమె ఎన్నడూ దాచలేదు, తన దగ్గర తాను కూడా.

యాభైమూడులో వెండెల్ తిరిగొచ్చాడు. ఆ శనివారం కూడా గింజలు నానబెట్టాల్సిందే, బావి మారదు కదా. పెళ్లయిన ఆడవాళ్లు కట్టే తలగుడ్డ కొత్తగా కట్టుకొని ఎతెల్కా గుట్ట దిగింది. వెండెల్ బావి దగ్గరే ఉన్నాడు. బుగ్గలు పీక్కుపోయి ఉన్నాయి. ఆమెను చూశాడు, తలగుడ్డను చూశాడు, చెయ్యి చాచాడు.

"ఇటివ్వండి," అన్నాడు.

ఆ 'అండి' ఒక్కటే ఆయన బొగ్గుగని నుంచి కొత్తగా తెచ్చుకున్నది. అప్పటిదాకా ఒసే, ఒరే అనుకున్న వాళ్లు ఆ రోజు నుంచి మీరు, గారు అయ్యారు. ముప్పై మూడేళ్లు అలాగే గడిచిపోయాయి.

వెండెల్ రోజాలియాను చేసుకున్నాడు. ఆమె కూడా మంచిదే. ఎతెల్కా వస్తే లోపలికెళ్లి ఏదో ఒక పని పెట్టుకునేది, కావాలనో యాదృచ్ఛికమో ఎవరూ అడగలేదు. ఆరేళ్లయింది ఆమె పోయి. బావి దగ్గర వాళ్లిద్దరూ మాట్లాడుకున్న మాటలన్నీ పోగేస్తే ఒక చిన్న సంచిలో పట్టేస్తాయి. మంచు పడుతుందంటారా? పడేట్టే ఉంది. కోళ్లు పెడుతున్నాయా? ఏదో, పెడుతున్నాయి. ఆయన తోడి పోసేవాడు, ఆమె మూత బిగించేది. పది నిమిషాలు. ఎప్పుడో ఒకసారి అంబ్రుష్, "గుట్ట ఎక్కలేక రొప్పుతున్నావు, నేనెళ్లి తెస్తాలే," అన్నాడు. "మీరు సగం ఒలకబోస్తారు," అంది ఆమె. అంబ్రుష్ ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసి, మళ్లీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

ఇక ఈ ఏడు ఈస్టర్ సంగతి. పండగ ముందు గురువారం నాడు గీజీ ఒక మాట చెవిన వేసింది. గీజీ పక్కింటామె, ఎతెల్కాతో కలిసి బొమ్మలాడుకున్న మనిషి, ఊరి దుకాణం ఆమెదే. అందువల్ల ఊళ్లో ఎక్కడేం జరిగినా ముందు ఆమె గల్లాపెట్టె ముందు ఆగి గాని ముందుకు పోదు.

"వెండెల్ బావి గట్టు రాళ్లు కదిలిపోయాయట. మేస్త్రీ పని చేసే మా మరిది వెళ్లి చూశాడు. వాడేవాళ్లుంటే కొత్త గట్టు కట్టాలి, లేకపోతే మూత వేసెయ్యాలన్నాడు. 'ఎతెల్కా గారింట్లో ఇంకా ఉడకడం లేదు కదా' అని వెండెల్ నసుగుతున్నాడు. నేనన్నా, అదేదో తేల్చేద్దాం, మంగళవారం పొద్దున నేనే పోయి దగ్గరుండి చూస్తా, ఉడికితే మూత, ఉడక్కపోతే గట్టు."

"నువ్వు చూసేదేంటే? నా మాట చాలదా?"

"చాలదు," అంది గీజీ కులాసాగా. "ఒకే గొట్టం, ఒకే నీళ్లు. నా గింజలు ఉడికి నీవి ఉడక్కపోవడానికి నీవేమన్నా బిషప్పు గారి గింజలా?"

ఆదివారం గడిచింది. సోమవారం మగవాళ్ల రోజు. ఆ రోజు ఏ మగవాడైనా ఏ ఇంటికైనా వెళ్లి, ఆ ఇంటి ఆడదాని నెత్తిన నాలుగు చుక్కలు చిలకరించి, పువ్వు వాడిపోకూడదని రెండు ముక్కల పాట పాడి, రంగు గుడ్డు పుచ్చుకొని, గ్లాసెడు పండ్ల సారా తాగి రావచ్చు. ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. ఇప్పుడు అత్తరు సీసాలు వచ్చాయి గాని, ఎతెల్కా వయసులో ఉన్నప్పుడు చేదలే. యాభై ఒకటిలో వెండెల్ ఆమెను బావి దగ్గరికి లాక్కెళ్లి మూడు చేదలు కుమ్మరించాడు. వారం రోజులు దగ్గింది. ఆ దగ్గు తగ్గిపోతుంటే దిగులేసింది.

ఈ సోమవారం ఏడుగురు వచ్చారు. ఎతెల్కా జుట్టు ఏడు రకాల అత్తరు వాసన కొట్టింది. గేటు చప్పుడైన ప్రతిసారీ ఆమె కిటికీ తెర కదిలింది. ఎనిమిదో మనిషి ఏ ఏడూ రాలేదు, ఈ ఏడూ రాలేదు. చీకటి పడ్డాక మిగిలిన గుడ్లను లోపల పెట్టి, గింజలు కడిగి, కుళాయి తిప్పి గిన్నె నింపింది. అలా నిలబడే అలమర తెరిచింది. వెనిగర్ సీసా తీసింది. ముప్పై ఏళ్ల వంటలో ఎన్నడూ చెయ్యని పని చేసింది.

మంగళవారం తొమ్మిదింటికల్లా గీజీ దిగింది. తలుపు కొట్టే అలవాటు ఆమెకు లేదు.

"ఏమే, ఉడికాయా నీ గులకరాళ్లు?"

"నువ్వే చూసుకో. ఆరింటికి పొయ్యెక్కించా."

గీజీ మూత తీసింది. ఎముక చుట్టూ చారు కుతకుతలాడుతోంది, పొగ వాసన వంటిల్లంతా కమ్ముకుంది. గరిటెతో నాలుగు గింజలు తీసి, ఊదుకొని, నోట్లో వేసుకుంది. టక్.

"చూశావా?" అంది ఎతెల్కా, గీజీ వైపు కాకుండా గోడ వైపు చూస్తూ.

గీజీ నములుతోంది. ఇంకో గరిటె తీసింది. ఈసారి వాసన చూసింది. చారు మాత్రం ఒక గుటక వేసింది.

"ఇదేంటే, పుల్లగా ఉంది?"

"పుల్లటి మీగడ వేశా."

"మీగడ ఇంకా గిన్నెలోనే ఉందిగా, నన్ను చూసి పళ్లికిలిస్తోంది."

ఎతెల్కా మీగడ గిన్నె మీద మూత పెట్టింది.

"వెనిగర్ పోశావు," అంది గీజీ.

"అందరూ పోస్తారు."

"ఆఖర్న పోస్తారు! పొయ్యి ఆర్పాక! బడి వంటింట్లో కొత్తగా చేరిన పిల్ల ముందే వెనిగర్ పోసిందని గరిటె విసిరి గోడకు సొట్ట పెట్టింది ఎవరే? నువ్వా, నేనా? ఆ సొట్ట ఇంకా ఉంది, వెళ్లి చూసుకో. అలాంటి దానివి నువ్వు..."

మాట సగంలో ఆగిపోయింది. గీజీ నోరు ఆగడమన్నది ఆ వీధిలో చాలా తక్కువమంది చూసిన వింత. గరిటె కింద పెట్టింది. కుర్చీ లాక్కొని కూర్చుంది. కిటికీలోంచి గుట్ట దిగే బాట కనిపిస్తోంది, ఒక్క మనిషి నడిచేంత వెడల్పున.

"ఎప్పట్నుంచే?" అంది, గొంతు తగ్గించి.

"కుళాయి పెట్టినప్పట్నుంచి."

"నేనడిగింది కుళాయి గురించి కాదు."

ఎతెల్కా చారు కలుపుతూ ఉండిపోయింది. కలపాల్సిన అవసరమేమీ లేదు.

"ఛీ, నీ మొహం మండా," అంది గీజీ, కళ్లు తుడుచుకుంటూ. "నాక్కూడా చెప్పవా? పక్కింట్లో ఉండి, ఊరందరి గుట్టూ తెలిసి, నీది తెలియలేదంటే నా దుకాణానికి ఎంత నామర్దా!" ముక్కు చీది, లేచింది. "సరే. నేనేం చూడలేదు. నాకు జలుబు, వాసన తెలీలేదు. ఉడకలేదని చెప్పేస్తా. గట్టు కడతారు. మోసుకో, ఇంకో ముప్పై ఏళ్లు మోసుకో నీళ్లు."

ఆ మాట గీజీ మంచికే అంది. కాని ఎతెల్కాకు మరోలా వినిపించింది. ఇంకో ముప్పై ఏళ్లు. మంచు పడుతుందంటారా, పడేట్టే ఉంది. కోళ్లు పెడుతున్నాయా, పెడుతున్నాయి. చేద దిగుతుంది, చేద ఎక్కుతుంది. మూత బిగుస్తుంది. నిన్నటిదాకా ఆ పది నిమిషాలు పోతాయేమోనని భయపడింది. ఇప్పుడు అవి పోకుండా మిగులుతాయేమోనని భయమేసింది.

పొయ్యి తగ్గించింది. నడుముకున్న గుడ్డ విప్పి మేకుకు తగిలించింది.

"నువ్వేం చెప్పకు. నేనే వెళ్లి చెప్తా."

"ఏమని?"

"ఉన్నదున్నట్టు."

గీజీ ఆమెను పైనుంచి కిందికి చూసింది. "జుట్టన్నా సరిచేసుకో. క్యాను?"

"ఎందుకు?"

"అదీ నిజమే." గీజీ గుమ్మం దాకా వచ్చింది. గుట్ట దిగుతున్న మనిషి వెనకనుంచి కేకేసింది. "ఒసే! ఇవాళ మంగళవారం! మన అమ్మమ్మల నాడు సోమవారం వాళ్లది, మంగళవారం మనదీ! చేద అక్కడే ఉంటుంది, గుర్తుందా?"

ఎతెల్కా వెనక్కి తిరగలేదు, కాని విన్నది. మగవాళ్లు చిలకరించిన మర్నాడు ఆడవాళ్లు తిరిగి తడిపేవాళ్లని అమ్మమ్మ చెప్పేది. ఆమె వయసుకొచ్చేసరికే ఆ ఆచారం పోయింది. అందరూ సోమవారంతోనే సరిపెట్టుకున్నారు.

వెండెల్ ద్రాక్షతోటలో ఉన్నాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, పొడుగు, నడుం కాస్త వంగింది. కోసిన తీగల్ని రాటలకు కడుతున్నాడు. వసంతంలో కోసిన తీగ కొసలు కారతాయి. ఆ తోటంతా చుక్క చుక్కగా కారుతోంది. బావి పక్కన ఇసుక కుప్ప ఉంది, గట్టు రాళ్లు సగం ఊడదీసి ఉన్నాయి. మేస్త్రీ సిమెంటు కోసం వెళ్లినట్టున్నాడు.

"ఎతెల్కా గారా! ఇవాళ శనివారం కాదే."

"కాదు."

"క్యానేదీ?"

"తేలేదు."

ఆయన కత్తెర జేబులో పెట్టుకొని బావి దగ్గరికి వచ్చాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు టోపీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. "గీజీ వచ్చిందా మరి? చూసిందా?"

"చూసింది. ఉడకలేదు."

వెండెల్ భుజాలు కిందికి దిగాయి, ఎప్పటి బరువో దించుకున్నవాడిలా. "నేననుకుంటూనే ఉన్నా! పట్నం నీళ్లు, అందులో ఏం మందులు కలుపుతారో ఎవరికి తెలుసు. మేస్త్రీ రాగానే చెప్తా, గట్టు కట్టమని. మీరు వంగక్కర్లేకుండా కాస్త ఎత్తుగా కట్టిస్తా. కొత్త చేద కూడా..."

"వెనిగర్ పోశాను."

"ఎందులో?"

"గింజల్లో. రాత్రి నానబెట్టినప్పుడే. కుళాయి నీళ్లలో బాగానే ఉడుకుతాయి. మూడో రోజునే తెలుసు నాకు."

ఆయన ఆమె కేసి చూడలేదు. బావిలోకి చూశాడు.

"మీరు వంటమనిషి," అన్నాడు చివరికి.

"అవును."

"పొరపాటున పోసి ఉండరు."

"పొరపాటున పొయ్యలేదు."

తోటలో ఎక్కడో చుక్క రాలింది. వెండెల్ గొంతు సవరించుకున్నాడు. ముప్పై మూడేళ్లుగా అడగని మాట ఇప్పుడైనా అడుగుతాడేమోనని ఎతెల్కా ఎదురుచూసింది. ఆయన అడిగిందల్లా ఇంతే: "అయితే మూత వేయించెయ్యమంటారా?"

ఎతెల్కాకు ఒళ్లు మండిపోయింది. అంత కోపం ఆమెకు బడి వంటింట్లో ఆ గరిటె విసిరిన రోజు తర్వాత మళ్లీ రాలేదు. సిమెంటు కలపడానికి తోడి పెట్టిన చేద ఊడదీసిన రాళ్ల మీద ఉంది. రెండు చేతులా ఎత్తి, ఆ పొడుగాటి మనిషి మెడ దాకా అందకపోతే మునివేళ్ల మీద లేచి, మొత్తం కుమ్మరించింది. టోపీ కింద పడింది. వెండెల్ నోరు తెరిచి ఊపిరి అందక నిలబడ్డాడు, చేప లాగా.

"ఇవాళ మంగళవారం," అంది ఎతెల్కా.

ఆయన ముఖం తుడుచుకున్నాడు. కనుబొమల నుంచి కారుతున్నాయి నీళ్లు. "బాబోయ్, చల్లగా ఉన్నాయే!"

"మీ బావివేగా."

ఆయన నవ్వబోయాడు, సగంలో ఆగాడు. "ముప్పై మూడేళ్లు..." అన్నాడు. "ఇన్నేళ్లలో మంగళవారాలే రాలేదా?"

"సోమవారాలు నీకు రాలేదా?"

'నీకు' అన్న మాట నోరు జారిందని ఆమెకు తెలిసింది. వెనక్కి తీసుకోలేదు.

వెండెల్ తడి టోపీని కిందనుంచి తీసి రెండు చేతులా పిండాడు. పిండటం అయ్యాక కూడా పిండుతూనే ఉన్నాడు.

"వచ్చేవాణ్ణి," అన్నాడు. "అత్తరు సీసా జేబులో వేసుకొని మీ వీధి మలుపు దాకా. నిన్న కూడా వచ్చాను. అంబ్రుష్ ఉన్నన్నాళ్లూ అనుకున్నా, వెళ్లినా పండగ మర్యాదే కదా, ఆయనే గ్లాసు పోసి ఇస్తాడు, ఆ గ్లాసు నేను తాగలేను. ఆయన పోయాక, ఇంట్లో రోజాలియా ఉంది. ఆమె కూడా పోయాక మరీ భయమేసింది. ఇప్పుడు వెళితే అర్థం వేరు. వీధి నోరు తెరుస్తుంది. నోరు తెరిస్తే నువ్వు నీళ్లకు రావడం మానేస్తావు. ఒక్క సోమవారం కోసం శనివారాలన్నీ పోగొట్టుకోనా?"

ఎతెల్కా ఇంకా ఊడదియ్యని గట్టు ముక్క మీద కూర్చుంది. ఆయనకూ అదే లెక్క, తనకూ అదే లెక్క. ఇద్దరూ ఒకే పది నిమిషాలను చెరో వైపు నుంచీ కాపలా కాశారు, రైల్వే గేటులా దించి పట్టుకొని. ఆ గేటుకు అటూ ఇటూ నిలబడి ఉండగానే ముప్పై మూడేళ్లు వెళ్లిపోయాయి. ఇప్పుడు గేటు ఎత్తినా ఆ వెళ్లినవేవీ తిరిగి రావు. ఇరవై ఏళ్ల ఎతెల్కా ఎక్కడుంది? మూడు చేదల నీళ్లకు కెవ్వుమని అరిచి, పరిగెత్తినట్టే పరిగెత్తి ఆగిన ఆ పిల్ల? ఆ పిల్ల కోసం ఆమెకు ఏడవాలనిపించింది. ఎదురుగా నిలబడ్డ నెరిసిన మనిషి కోసం కంటే కూడా.

బండి చక్రం కిర్రుమంటూ మేస్త్రీ వచ్చాడు, రెండు సిమెంటు బస్తాలతో. గీజీ మరిది, నలభై లోపు వాడు.

"ఏంటి బాబాయ్, బావిలో పడ్డావా?"

"ఇవాళ మంగళవారంరా."

"అయితే?" అన్నాడు మేస్త్రీ. వాడికి నిజంగానే తెలియదు. తల గోక్కొని, ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఏమీ అర్థంకాక పనిలోకి దిగాడు. "సరే గాని, ఏమనుకున్నారు? గట్టా, మూతా? వదిన ఏమందో నాకెవరూ చెప్పలేదు."

వెండెల్ ఎతెల్కా వైపు చూశాడు. ఆయన అడగలేదు. అడగకుండా ఊరుకోవడం మాత్రం మునుపటి ఊరుకోవడం కాదు.

"మూత," అంది ఎతెల్కా.

"విన్నావుగా," అన్నాడు వెండెల్. తర్వాత ఆమెతో, మేస్త్రీ ఉన్నాడన్న సంకోచం లేకుండా, "పొయ్యి మీదున్నాయా ఇంకా?"

"ఉన్నాయి. ఏం లాభం? వెనిగర్ పడ్డ గింజ ఇక ఎంతసేపు మరిగినా అంతే."

"ఎముక అందులోనే ఉందా?"

"ఉంది."

"పిండి గిల్లావా?"

"వచ్చి గిల్లాలి."

"అయితే చారు చారే. నాకు పళ్లు బాగానే ఉన్నాయి, రెండే పోయాయి." ఆయన తడి చొక్కాను ఒంటి మీంచి లాగి పట్టుకున్నాడు. "ఇలా వస్తే గీజీ చూసి చచ్చిపోతుంది నవ్వలేక. చొక్కా మార్చుకొని వస్తా. వెళ్లిపోకు."

"వెళ్లిపోకు అంటున్నావా?"

"అంటున్నా," అని ఆయన ఇంట్లోకి వెళ్లాడు. లోపల బీరువా తలుపు తెరిచిన చప్పుడు, ఏదో కింద పడిన చప్పుడు, ఎవరినో తిట్టుకున్న చప్పుడు వినిపించాయి.

"అమ్మా," అన్నాడు మేస్త్రీ, కొలత తాడు చేత్తో పట్టుకొని. "కాస్త లేస్తారా? ఆ ముక్క కూడా తీసెయ్యాలి."

ఎతెల్కా లేచింది. చీపురుతో ఊడ్చినట్టు శుభ్రంగా ఉన్న పెరట్లో, చేతిలో ఏమీ లేకుండా, ఎటు వెళ్లాలో తెలియకుండా నిలబడింది. ఆ పెరట్లో ఆమె నిలబడటానికి ఇప్పుడు ఏ కారణమూ లేదు. మేస్త్రీ రాయి ఎత్తి పక్కన పెట్టాడు. కింద నీళ్లలో ఆకాశం ముక్క ఒకటి కదిలింది. ఆమె తొంగి చూడలేదు. ఇంటి తలుపు వైపే చూస్తూ ఉంది.